ఆరు పాయింట్లు

ఆ అక్షరాలు కొట్టింది నేనే.
చిక్కడపల్లి సందుల, మెట్ల కింది దుకాణంల,
మూడేండ్ల కింద, ఎండకాలం.
ఫ్యాను గాలికి ప్రూఫులు ఎగురకుండ
టీ గ్లాసు బరువు పెట్టుకున్న.

ఆటల కంపెనీ మేనేజరు వెనుక నిలవడి
"ఇంకా చిన్నగ చెయ్యన్నా" అన్నడు.
పది చేసిన. ఎనిమిది చేసిన.
ఆరుకు వచ్చేసరికి
తెలుగు ఊపిరాడక కొట్టుకున్నది.
మన అక్షరానికి కింద జాగ కావాలె,
ఒత్తు కాళ్లు చాపుకోవాలె.
సున్నాలన్నీ చీమగుడ్లయినయి.
"సార్, చదవరాదు" అన్న.
"చదివేటోడు ఎవడు?" అని నవ్వి
పేజీకి ఎనభై లెక్క కట్టిచ్చిండు.
ఆ పైసలతోటి ఏం కొన్ననో యాదికి లేదు.

మొన్న ఫర్హత్ ఆపా వచ్చింది,
పక్క గల్లీల చీరలకు ఫాల్స్ కుట్టే ఆమె.
చేతిల నలిగిన కూపను.
"నీ దగ్గర భూతద్దం ఉంటది గద, జెర చదువు భయ్యా."

కొడుకు రయ్యాన్. ఏడేండ్లు.
అత్తాపూర్ల, ఎగిరే పరుపుల ఆటశాలల
స్ప్రింగు ఊడి బడ్డడు.
కుడి మోచేతిల ఇప్పుడు రెండు ఇనుప పట్టీలు.
నాంపల్లిల కేసు వేస్తే
కంపెనీ వకీలు ఈ కాయితం తీసిండట:
ఎప్పుడో ఇంకో దుకాణంల
ఉచిత బెలూను కోసం ఆమె పెట్టిన సంతకం.
ఎర్ర బెలూనట.
ఇల్లు చేరకముందే పేలిందట.

అద్దం పెట్టిన.
నా అక్షరాలే లావై నా మొఖం మీదికొచ్చినయి.
కోర్టుకు పోవు హక్కును వదులుకున్నట్లు భావింపబడును.
సంస్థ నియమించిన మధ్యవర్తి మాటయే
తుదితీర్పుగా పరిగణింపబడును.
అన్ని శాఖలకు వర్తింపజేయబడును.

బడును, బడును, బడును.
ఎవడు భావిస్తడో లేదు, ఎవడు పరిగణిస్తడో లేదు,
అంత పొడుగు వాక్యంల మనిషి జాడ లేదు.
బడ్డోడు మాత్రం ఉన్నడు,
నా గడప మీద కూసోని
ఎడమచేత్తోని మిర్చి బజ్జి తింటున్నడు.

ఆపాకు చెప్పిన, కొట్టింది నేనేనని.
ఏమనలేదు.
కాయితాన్ని మళ్ల అవే మడతలల్ల మడిచింది.

ఆ రాత్రి ఒక్క ముక్క మార్చలేదు,
ఆరు తీసి ఆరు నూర్లు పెట్టిన.
పన్నెండడుగుల ఫ్లెక్సీ.
ఆటశాల ఎదురుంగ, పుట్టినరోజు కార్పొరేటర్ నవ్వు పక్కన,
నేనూ మిషన్ నడిపే నరహరీ కట్టినం.

పొద్దుగాల బస్సు ఆగేకాడ జనం
తలలెత్తి, కూడబలుక్కుంట, బయటికి చదివిన్రు.
"గిట్ల రాసుకున్నరా?"
"మనం ఒప్పుకున్నమా?"
ఒకామె పర్సుల రశీదులన్నీ బయటికి తీసి
ఒక్కొక్కటి కంటికి దూరం, దగ్గర చేసి చూస్తున్నది.
ఫొటోలు తీసుకున్నరు. పగటాలకల్ల ఊరంత తిరిగింది.
సాయంత్రం కౌంటరు కాడ టికెట్లకు కాదు లైను,
"నా సంతకం యాడున్నది, చూపియ్యి" అని.

మూడోనాడు పర్మిషన్ లేదని
మున్సిపాలిటోళ్లు ఆ ఒక్క ఫ్లెక్సీ విప్పుకపోయిన్రు.
కార్పొరేటర్ ఇంకా నవ్వుతనే ఉన్నడు.
కంపెనీ ప్రకటన ఇచ్చింది:
మానవతా దృష్టితో ఈ ఒక్క కేసులో ఆ షరతు వాడుకోము.
ఈ ఒక్క కేసులో.
గది మాత్రం మంచి పెద్ద సైజుల అచ్చేయించిన్రు.

వాయిదా వచ్చే నెల పదకొండున.
రయ్యాన్ చెయ్యి ఇంక చెవి దాక లేవదు.

నిన్న ఒక కొత్త గిరాకి, జిమ్ము పెడుతడట.
ఫారం అడుగున రాసేది ఉన్నదట, చిన్నగ.
పన్నెండుకు తక్కువ కొట్టనన్న.
పక్క షాపుకు పోయిండు.

పోయినంక బిల్లుబుక్కు ముంగట పెట్టుకున్న.
అడుగున, నేనే ఎన్నడో కొట్టుకున్న గీత:
తప్పొప్పులకు మేము బాధ్యులము కాము.
ఆరు పాయింట్లే.
తీసేయాల్నో, పెద్దగ చేయాల్నో
సమజైత లేదు.