రొయ్య పెంకు చొక్కా

చొలుతేకాలో ఫిబ్రవరి
తెల్లారకముందే వేడెక్కుతుంది.
ప్యాకింగ్ షెడ్డు రేకుల కింద
ఖర్బూజాలు బెల్టు మీద దొర్లుకుంటూ వస్తాయి
ఒళ్లంతా వల అల్లుకుని.

ఆ వలే అసలు చిక్కు, అంటాడు ఇంజనీరు ఎవెలియో.
భూతద్దం కింద పెడితే
అన్నీ సందులు, గొందులు,
ఎంత తోమినా చీపురు చేరని మూలలు.
కాలవ నీళ్లతోనో, ఎవరో కడుక్కోని చేత్తోనో
వచ్చిన సాల్మొనెల్లా అక్కడ కాపురం పెడుతుంది.
పైన పటారం లోన లొటారం అంటారు గానీ
దీని కథ తిరగేసి:
లోనంతా తేనె, దోషమంతా తోలు మీదే.

తోలు ఎవరూ తినరు కదా, అన్నాను.
తినరు, కోస్తారుగా, అన్నాడు.
కత్తికేం తెలుసు పాపం,
గడప దగ్గర నిలబడ్డదాన్ని
చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది.

నా పేరు ఒబ్దూలియా.
పందొమ్మిదేళ్లు ఫోన్సెకా అఖాతం ఒడ్డున రొయ్యలు ఒలిచాను.
తలలు తొట్టిలోకి, మాంసం మంచు మీదికి,
పెంకులు ఎక్కడికని ఎవరూ అడగలేదు.
గుట్టలయ్యేవి. గాలి మళ్లితే
బడిలో పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్లు.
బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.
సబ్బుకీ నిమ్మతొక్కకీ బూడిదకీ లొంగని వాసన.

ఇప్పుడు ఆ పెంకులే
తెల్లటి పొడై సంచుల్లో వస్తున్నాయి.
మొదటి రోజు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను,
మూడుసార్లు.
ఏమీ లేదు.
నా పందొమ్మిదేళ్లని ఎవరో ఉడికించి, కడిగి, ఆరబెట్టినట్టు.

వెనిగర్ కలిపిన నీళ్లలో పోసి తిప్పుతాను.
గంజి పదును రావాలి.
కొలతల కాగితం గోడకి ఉంది,
నేను తెడ్డు ఎత్తి ధార చూస్తాను.
ఆఖర్న దాల్చిన ఆకు నూనె, చుక్కలు చుక్కలుగా.
షెడ్డంతా క్రిస్మస్ నాటి పాలన్నం.
బెల్టు మీద తుంపర, ఆపైన ఫ్యాన్ల గాలి.
ఆరాక కంటికి ఏమీ కనబడదు.
తినగలిగే చొక్కా,
గుండీలు లేవు.

నా మనవడు నెప్తాలి రొయ్య తింటే పెదాలు వాచిపోతాయి.
ఇందులో రొయ్య ఉంది కదా, అని అడిగాను.
వాడికి పడనిది కాస్టిక్ నీళ్లలో పోతుంది, అన్నాడు ఎవెలియో.
పూర్తిగానా?
కాసేపు ఆగాడు.
పెట్టె మీద రాస్తున్నాం, అన్నాడు.
ఆ ఆగడం నాకు నచ్చింది.

పరీక్ష గదిలో రెండు గాజు పళ్లేలు చూపించాడు.
చొక్కా లేని కాయది, అమావాస్య ఆకాశం,
లెక్కకందని చుక్కలు.
చొక్కా తొడిగినదానిలో నేనే లెక్కపెట్టాను:
ఏడు.
మరి ఈ ఏడు?
అందుకే చల్లగా ఉంచాలి, నీళ్లు శుభ్రంగా ఉండాలి,
మీ చేతులు...

నా చేతులు చూసుకున్నాను.
రొయ్య ముళ్లు గుచ్చిన గీతలు, ఇంకా.
రెండేళ్ల కింద మూడు కంటైనర్లు రేవులో ఆగిపోయినప్పుడు
మా అందరి చేతా సంతకాలు పెట్టించారు,
చేతులు కడుక్కుంటామని.
కాలవ చేత ఎవరూ పెట్టించలేదు.
పొలంలో నూట ఇరవై మందికి మరుగుదొడ్డి ఒకటి,
దాని కొళాయి తిప్పితే బుస్సుమని గాలి.

బాబూ, అన్నాను,
కాయకి చొక్కా తొడిగావు, సంతోషం.
రెండో కొళాయి ఎప్పుడు?
ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆగాడు.
రాసుకున్నాడు మాత్రం. నేను చూశాను.

సాయంత్రం బస్సులో
బడి సంచీతో ఒక పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది.
గాలి పీల్చి,
ఏం వండావు అమ్మమ్మా, అంది.

సముద్రాన్ని, అన్నాను.