భాగిస్తే గుణం

పొదిలి బస్టాండు ఎనక, దర్శి రోడ్డు మలుపులో
మీరావలి మోటారు రీవైండింగు షాపు.
వార్నీషు వాసన, కాలిన రాగి వాసన
నా చొక్కాకి అప్పుడప్పుడే పడుతున్న రోజులు.
పది తప్పి మూణ్ణెల్లయింది.

మర్రిపూడి చెంచమ్మ
కోడిగుడ్లు పొదిగే పెట్టెని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.
రెండొందల గుడ్లకి పదకొండు పిల్లలంట.
మిగతావి పెంకు లోపలే, సగం ఈకలతో.
"దీని తీగ సచ్చిపోయింది, కొత్తది ఎయ్యి" అంది.
కాసేపాగి,
"ఇంట్లో నా చెయ్యి మంచిది కాదంటన్నారు" అంది.

మీరావలి స్విచ్చేశాడు.
వోల్టుమీటరు రెండొందల ముప్పై.
ఆంపుమీటరు ఒకటి.
బీడీకట్ట అట్ట మీద నాచేత రాయించాడు.
భాగించమన్నాడు: రెండొందల ముప్పై ఓములు.
గుణించమన్నాడు: రెండొందల ముప్పై వాట్లు.
ఒకటితో ఏం చేసినా అంతే గదా అని నేను నవ్వితే
ఆయన నవ్వలా.
"తీగ బాగుంది. రాత్రికి వాళ్ళూరు పోదాం."

ఏడున్నరకి
బత్తాయి తోటల్లో బోర్లన్నీ ఒక్కసారి గొంతెత్తాయి.
చెంచమ్మ వసారాలో ట్యూబులైటు
నాలుగుసార్లు రెప్పలు కొట్టి మానుకుంది.
పెట్టె మీద ఎర్రదీపం మాత్రం ఆరదు,
వేడి ఎప్పుడు చాలుతుందా అని చూస్తూ.
పుష్యమాసం చలి.
నోట్లో టార్చి కరుచుకుని ఆయన,
మోకాలి మీద అట్ట పెట్టుకుని నేను.

నూట అరవై వోల్టులు.
సున్నా పాయింటు ఏడు ఆంపులు.

భాగించాను. రెండొందల ఇరవై ఎనిమిదిన్నర.
ముల్లు ఒణుకు తీసేస్తే షాపులో వచ్చిందే.
గుణించాను. నూట పన్నెండు.
నమ్మకం లేక మళ్ళీ గుణించాను.
వోల్టేజి మూడోవంతు కూడా తగ్గలేదు,
వేడి సగం కూడా మిగల్లేదు.

"ఒత్తిడి తగ్గితే పారేదీ తగ్గుద్దిరా.
తగ్గింది పోయి తగ్గిందాంతో గుణించుకుంటది.
దెబ్బ ఒకటే, తగిలేది రెండుసార్లు."
టార్చి తీసి మూతి తుడుచుకున్నాడు.
"అవే రెండంకెలు.
గుణిస్తే అది చేసిన పని తెలుస్తది.
భాగిస్తే దాని గుణం తెలుస్తది.
పని చూసి గుణం చెప్పబాక."

"పెట్టె తప్పు లేదా అయితే?"
"లేదు."
"మరి నా చెయ్యి?"
మీటరు తీగలు చుట్టుకుంటూ అన్నాడు:
"నీ చేతిని నేను కొలవలా చెంచమ్మా.
ఈ కరెంటుకి గుడ్లు ఎవురు పెట్టినా నూట పన్నెండే."

మర్నాడు అట్టాంటి తీగే ఇంకోటి
మొదటిదాని పక్కనే జోడు కట్టాడు.
దారి రెండయింది, అడ్డం సగమయింది.
నూట అరవైకి ఒకటి పాయింటు నాలుగు.
నేను నోటితోనే కట్టేశాను, రెండొందల ఇరవై నాలుగు.
పగలు ఎక్కువయితే థర్మోస్టాటు ఆపుకుంటదిలే అన్నాడు.

ఇరవై ఒక్క రోజులకి నూట యాభై రెండు పిల్లలు.
చెంచమ్మ లెక్క చెప్పడానికే బస్సెక్కి వచ్చింది.
ట్రాన్స్‌ఫార్మరు మార్చమని ఊరంతా పెట్టిన అర్జీ
కరెంటాఫీసులో ఇంకా పొదుగుతానే ఉంది.

రిపేరు పుస్తకంలో 'లోపం' అనే గడిలో
'లైన్లో' అని రాసి
నా వైపు తిప్పాడు, సంతకం చెయ్యమని.

ఆ రాత్రి ఇంటికొచ్చి
పెట్టె అడుగున దాచిన మార్కుల కాగితం తీశాను.
భౌతికశాస్త్రం, పద్దెనిమిది.
అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయి
పది దాటాక వచ్చే ఆ చలికాలం
మా ఇంట్లో ఎన్ని వోల్టులుండేవో
ఎవురూ మీటరు పెట్టి చూడలా.

ఉన్నది ఒక్కటే అంకె.
దాన్ని దేంతో భాగించను?