కాలవ కట్టేదాకా

ముందు బీరువా జరిపాం.
నాలుగు కాళ్ళ కింద నాలుగు తుప్పు మరకలు,
ఒక పిన్నీసు, రెండు చింతగింజలు,
పన్నెండేళ్ళ కిందట పోయి
మంగతాయారు నన్నే అనుమానించిన
ముక్కుపుడక మర.
అరచేతిలో పెట్టుకుని చూసుకుంది.
నాతో ఏమీ అనలేదు.
మధ్యాహ్నం పులుసులో ములక్కాడలు మాత్రం
అన్నీ నా కంచంలోకే వచ్చాయి.

గోడ వారల పలకల్ని ఏసుపాదం ఉలితో లేపాడు,
మానుతున్న పుండు మీంచి గుడ్డ తీసినట్టు.
గచ్చు మీద రసమట్టం పెట్టాడు.
బుడగ మధ్యలో నిలవలేదు.
"నైరుతి అరంగుళం పల్లమండి."
మంగతాయారు మొహం మారిపోయింది.
"నైరుతి పల్లమైతే ఇన్నాళ్ళూ ఎలా బతికాం?"
"బతికారు కదండీ" అని
సిమెంటు కలపడానికి వెళ్ళిపోయాడు.

చెక్క సంగతి చెప్పలేదు కదూ.
ముప్ఫై ఒక్క ఏళ్ళు లాకు దగ్గర పనిచేశాను.
ఇనప తలుపులు వచ్చిన ఏడు
పాత టేకు తలుపుల్ని గట్టు మీదే వేలం వేశారు.
ఇటుకబట్టీ వాళ్ళు కట్టెల ధరకి పాడారు.
నేను వాళ్ళ మీద పాడాను.
ఎందుకు పాడానో ఇంటికొచ్చి చెప్పలేకపోయాను.
నాలుగేళ్ళు గేదెల పాకలో పడున్నాయి.
మొన్న సామిల్లులో కోయిస్తే
పైన నాచు నలుపు,
లోపల ఇంకా తేనె రంగు.
పాత మేకులకి రంపం రెండుసార్లు పళ్ళూడగొట్టుకుంది.

గచ్చు మీద మూరెడు ప్లాస్టిక్ కాగితం పరిచి
నాలుగంచులా టేపు వేసి
మూడ్రోజులు ముట్టుకోవద్దన్నాడు.
మూడో నాడు పొద్దున్నే చూస్తే
లోపలివైపంతా చెమట,
ఆవిరికుడుం దించాక మూత అడుగున ఉన్నట్టు.
"ఆయ్, గోదారండి" అన్నాడు ఏసుపాదం,
వీధిలో దిగిన చుట్టాన్ని చూపించినట్టు.

మార్టేరు చేలల్లో దాళ్వా ఇంకా పొట్ట మీదే ఉంది.
చేలు తాగినన్నాళ్ళూ మా గచ్చూ తాగుతుంది.
ఎన్నాళ్ళాగాలి అంటే
"కాలవ కట్టేదాకా" అన్నాడు.

నవ్వొచ్చింది నాకు.
ముప్ఫై ఒక్క ఎండాకాలాలు కాలవ కట్టించినవాణ్ణి.
సైకిళ్ళేసుకుని వచ్చేవారు శివారు రైతులు,
ఇంకొక్క తడి బాబూ, రెండ్రోజులాపండి అని.
ఇప్పుడు నేనే లష్కరు తాతబ్బాయికి ఫోను చేసి
ఎప్పుడు కడుతున్నారని అడిగాను.
"పైనుంచి ఆర్డరు రాలేదండి" అన్నాడు,
అచ్చం నా గొంతుతో.

పలకల్ని గదిలోనే పేర్చాం,
మధ్యమధ్యన బద్దలు పెట్టి, గాలాడేట్టు.
గది అలవాటవ్వాలట వాటికి.
డెబ్బై ఏళ్ళు పీకల్లోతు నీళ్ళలో నిలబడ్డ చెక్కకి
ఇప్పుడు చెమ్మ పడదట.
నిలబడ్డన్నాళ్ళూ పడింది,
పడుకోబెడితే పడదు.
నా నడుం సంగతీ అంతే.

మేం హాల్లో పడుకుంటున్నాం.
రాత్రి మంగతాయారు ఖాళీ గదిలోకి వెళ్ళి తుమ్మితే
గది కూడా తుమ్మింది.
తలుపు అడుగు చెక్కుకోవచ్చంది,
గడప జోలికొస్తే మాత్రం ఊరుకోనంది.

గోడ చుట్టూ వేలెడు సందు వదలాలట.
ఏసుపాదం సుద్దముక్కతో గీత గీసి చూపించాడు.
జూన్‌లో కాలవకి నీళ్ళొదిలితే
చెక్క ఒళ్ళు విరుచుకుంటుందట.
ఈ ఏడు నీళ్ళెప్పుడొచ్చాయో
నాకెవరూ ఫోను చెయ్యక్కర్లేదు.
మంచం దిగి గోడవారన వేలు పెడితే చాలు.

ఈ పొద్దున మళ్ళీ ప్లాస్టిక్ కాగితం ఎత్తాను.
మొదటిసారి లెక్కపెట్టగలిగాను.
పదకొండు చుక్కలు.