ఏ ఏడాదికి?

ఫ్రాంక్లిన్ ఊళ్లో హ్యువాన్ నది
డికాక్షన్ రంగులో పారుతుంది.
ఒడ్డున రేకుల షెడ్డు. షెడ్డులో దుంగల మీద
'లోర్నా మే'.
టాస్మన్ సముద్రాన్ని పందెంలో తొమ్మిది రోజుల్లో దాటిన పడవ.
ఒకప్పుడు బిస్కట్ డబ్బాల మీద దీని బొమ్మ వేసేవారట.
ఇప్పుడు కడుపులో పిట్టలు గూడు పెట్టాయి.

నాకు వచ్చిన పనేమీ లేదు.
శనివారాలు వస్తాను, గోకుతాను.
ఇక్కడ మేస్త్రి గ్వెండా పైబస్.
మొదటిరోజే చేతికి గోకుడుబిళ్ల ఇచ్చి
"చెక్క కనిపిస్తే ఆగు,
చెక్కని గోకావో, నీ తోలు తీస్తాను" అంది.

పైన గులాబీ. ఎందుకో ఎవరూ చెప్పలేరు.
దాని కింద నీలం. తెరచాపలు అమ్ముకుని
డీజిల్ తాగి, స్కాలప్ చిప్పలు పట్టిన రోజులు.
దాని కింద బూడిదరంగు: యుద్ధం.
పడవని అడక్కుండానే సైన్యంలో చేర్చుకున్నారు.
దాని కింద ఆకుపచ్చ, వెంట్రుకవాసి,
ఎవరి పెళ్లికో ఒక్కరోజు కోసం వేసినట్టు.
అట్టడుగున తెలుపు.
పాత రంగులో సీసం ఉంటుంది, మాస్కు తప్పదు.
మాస్కు ఉన్నా కళ్లు మండుతూనే ఉంటాయి.

ఆ తర్వాత చెక్క.
హ్యువాన్ పైన్ ఏడాదికి ఒక్క మిల్లీమీటరు లావెక్కుతుందట.
అంటే ఈ జానెడు పలకని అడ్డంగా దాటడానికి
నా బొటనవేలికి రెండు వందల ఏళ్లు పైనే.
తొంభై ఏళ్లు నీళ్లలో నానినా నూనె వదలని మొండిఘటం.
లోపల, అడుగుదూలం పక్క మూడో పలక మీద
పెన్సిల్ గీత ఒకటి, దాని పక్కన ఎవరిదో వంకర రాత:
"బొటనవేలంత తక్కువ. ఎర్నీకి చెప్పకండి."
చెప్పినట్టు లేరు.
ఆ బొటనవేలంత తక్కువతోనే సముద్రం దాటింది.

ట్రస్టువాళ్లు ఫొటోలు తెచ్చారు.
గెలిచింది ముప్ఫై ఎనిమిదిలో.
పడవని ఆ ఏడాదికి తీసుకెళ్లాలి, అంగుళం తేడా రాకుండా.
"తర్వాత వచ్చినవన్నీ తీసెయ్యండి."

తర్వాత వచ్చిన డల్సీ టిమ్మిన్స్
మరుసటి శనివారం చేతికర్రతో షెడ్డు మెట్లెక్కింది.
సంచిలో ఆపిల్స్.
మాస్టు పీకేసి, బురదలో కూలబడి,
వారానికింత అద్దెకిచ్చిన ఇల్లు ఈ పడవ అప్పట్లో.
ఆ కాలానికి ఫొటోలు లేవు.
"గులాబీ మా అమ్మ వేసింది," అంది. "సగం ధరకి దొరికింది."

లోపలి అడ్డుపలక మీద చాకు గాట్లు.
డల్సీ ఆరేళ్లు. డల్సీ ఏడేళ్లు. రెగ్ నాలుగేళ్లు.
డల్సీ గాట్లు పైకి పోతూనే ఉన్నాయి.
రెగ్‌కి నాలుగు దగ్గరే ఆగింది.
ఆమె వేలు కూడా అక్కడే ఆగింది.
ఎవరూ ఏమీ అడగలేదు.
ఎవరో రేడియో కట్టేశారు.

ఆ పలక ముప్ఫై ఎనిమిదిలో లేదు.
గ్వెండా ట్రస్టు కాగితాలు రెండుసార్లు చదివింది.
బంకు కింది అరకి ఏ కలప వాడాలో రాసి ఉంది,
ఎక్కణ్ణుంచి తేవాలో రాసి లేదు.
అడ్డుపలకని కోసి, గాట్లు లోపలి వైపుకి తిప్పి,
ఎనిమిది కంచు మరలతో బిగించింది.
నేను టార్చి పట్టుకున్నాను.
ఆ పడవకి నేను చేసిన అసలు పని అదొక్కటే.

దించిన రోజు బ్యాండు, మేయరు, మేయరు మెళ్లో గొలుసు.
సాయంత్రానికి పడవ కారడం మొదలెట్టింది.
"కారనీ," అంది గ్వెండా. "ఎండిన చెక్క, తాగాలి, ఉబ్బాలి,
పలకా పలకా ఒరుసుకుని సందులు వాటంతటవే మూసుకోవాలి.
మూడు రాత్రులు పడుతుంది.
అప్పటిదాకా తోడు."
ఆవిడ ఇంగ్లీషులో అన్నది నీళ్ల సంగతే.
నా భాషలోకి వచ్చేసరికి
ఆ మాటకి ఇంకో అర్థం వచ్చి పక్కన కూర్చుంది.

రాత్రి రెండింటికి నా వంతు.
బంకు మీద డల్సీ, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని,
తన కింద ఏముందో తెలిసినట్టే కూర్చుంది.
నాలుగింటికి మూడు వందల దెబ్బలు కొడితేగాని
అడుగు కనిపించలేదు.
అయిదింటికి
రెండు వందల ఎనభైకే
పంపు గుటక వేసి, గాలి పీల్చింది.