పసుపు చుక్క నోటు

కణపాకని పట్నం మింగీసిందంటారు.
నమలకుండా మింగింది,
అందుకే లోపల మేమింకా కదుల్తున్నాం.

పంచాయతీ బోర్డు పీకి
వార్డు బోర్డు పాతిన వారంలోనే
ఇంటిపన్ను కాగితమొచ్చింది.
ఆ రోజు నా కొట్లో
ఒక వంద నోటు మీద
పసుపు వేలితో చుక్క పెట్టాను.
ఎంత దూరం పోతాదో చూద్దామని.
అంతకంటే ఏం లేదు.

అయిదొందలకి చిల్లరగా
మీల్సు బండి తవిటమ్మకిచ్చాను.
ఆవిడ వంకాయ మడికి పట్టికెళ్లింది.
ఆ మడికి మూడు పక్కలా అపార్టుమెంట్లు,
నాలుగో పక్క నుంచి ఎండ.
వంకాయలమ్మిన అసిరినాయుడు
సైకిలు బాగుచేయించి గురువులుకిచ్చాడు.
గురువులు కూతురి జాకెట్టు
నీలవేణి మిషను మీదుంది.
నీలవేణి చీటీకి కట్టింది.
చీటీ పాడుకున్న కుమ్మరి పారమ్మ
దీపాలేళకి
చోడిపిండి కోసం నా ముందు నిలబడి
కొంగుముడి విప్పింది.

చుక్క కొంచెం వెలిసింది.
వంద వందలాగే ఉంది గానీ
అయిదు పొయ్యిలు ముట్టించి వచ్చింది.
"ఏటమ్మా, అలా తిప్పి చూస్తన్నావు, దొంగనోటా?"
"కాదే, కష్టజీవి."

దాన్ని పోగొట్టింది ఎవరో కాదు, నేనే.
బైపాసు మీద ఏసీ బజారులో
బట్టల సబ్బు రెండ్రూపాయలు తక్కువంటే
ఆటోకి ఇరవై పెట్టి వెళ్లాను.
గల్లా దగ్గర నీలం చొక్కాలో
పారమ్మ మనవరాలే.
"ఈ డబ్బులన్నీ ఏం చేస్తారే?"
"రాత్రికి పైకెళ్లిపోతాయి పిన్నీ."
"పైకంటే?"
"నాకేటి తెలుసు. పైకి."

నెల్లాళ్లు చూశాను.
కొట్టుకొచ్చిన ప్రతి వందా
వెలుతురికి పెట్టి చూశాను.
పైనుంచి ఏదీ తిరిగి రాలేదు,
ఒకటో తారీఖున పిల్ల జీతం తప్ప.
అదీ సగం బస్సుకి.

అసిరినాయుడికి కబురంపాను,
గంప నా అరుగు మీద పెట్టమని.
పాలపాకెట్టుకొచ్చిన మూడో అంతస్తావిడ
వంకాయ ముచ్చిక గిల్లి చూసి
"ఇక్కడే పండుతాయా!" అంది,
రెండు కేజీలు తూయించుకుంది,
గోడ మీది గళ్ల స్టిక్కరుకి ఫోను చూపించింది.

టింగు మంది.

చేతిలో నోటు లేదు.
పసుపు ఎక్కడ పెట్టను?

ఆ స్టిక్కరుకే పెట్టాను, ఒక మూల,
కొత్త కోడలికి పెట్టినట్టు.

అప్పట్నుంచి అది పట్టట్లేదు.
చుక్క అడ్డమంట.
తుడిచీమంటన్నారందరూ.
తుడుస్తాను, తొందరేముంది.
ఈలోగా ఎవరైనా
నోటిస్తే తీసుకుంటన్నాను.