సాక్షి నెంబరు రెండు

రాత్రి రెండున్నరకి తలుపు కొట్టినారు.
"చెంగల్రాయా, ఒక సంతకం. అయిదు నిమిషాలు, అంతే."
బనీను మీదనే పోయినాను.
గ్రీమ్స్‌పేట మూడో సందు,
మిక్సీలు బాగుచేసే జాఫర్ వలి ఇల్లు.

టార్చి వెలుతుర్లో ఒకాయన చెప్తాంటే
ఇంకొకాయన రాస్తాండాడు.
రాగితీగ, ఆరు చుట్టలు.
చిన్న మోటార్లు, పదకొండు.
ఉర్దూ నోటుబుక్కు, ఒకటి.
(ఎవరెవరు ఎంత బాకీనో రాసుకున్న బుక్కు అది.
దాంట్లో నా పేరూ ఉండాది, నూట నలభై రూపాయలకి.)
టైమరు, ఒకటి.

ఆ టైమరు నాది.
మా వాషింగ్ మిషన్‌ది.
ఆదివారం నేనే విప్పుకోనిపోయి ఇచ్చినా.

జాఫర్ దాని పక్క చూసినాడు, నా పక్క చూసినాడు.
ఏమీ అనలా.
వాళ్లమ్మ మాత్రం, "చొక్కా అన్నా తొడుక్కోనీండి సార్" అనింది.
మడత నలగని చొక్కా.
నా ఇస్త్రీనే.

"దేశం పని," అన్నాడు యస్సై, పెన్ను నా చేతికిస్తా.
చదవలా. పెట్టినా.

నేనేం దేశం మీద కోపమున్నోణ్ణి కాదు.
అలిపిరి కాడ బెల్టు మీద సంచి పెట్టమంటే పెడతా,
చేతులు పైకెత్తమంటే ఎత్తుతా.
బాంబులు అబద్ధం కాదు. టీవీలో చూసినా,
కాళ్లు లేని చెప్పులు, ఎన్నెన్నో.
ఎతకాల్సిందే, కాదనను.
కానీ ఆ సంచి ఈ పక్క దూరి
ఆ పక్క బయటికొస్తాది గదా.
మనదో కాదో చూసుకోని భుజానేసుకుంటాం గదా.

జాఫర్ ఏ పక్క నుంచీ రాలా.

నూటెనభై రోజులు పెట్టుకోవచ్చంట, ఛార్జిషీటు లేకుండానే.
ప్లీడరు గురునాథం ఏళ్లమీద లెక్కేసి చెప్పినాడు.
ఇయ్యాళ్టికి నూటపదార్లు చదివించినాడు జాఫర్.

అంగడి షట్టరు మీద ఎవరో బొగ్గుతో ఒక మాట రాసినారు.
రాసినోళ్ల మిక్సీ గూడా లోపల్నే ఉంటాది.

మా మిషన్ తిరగదు.
"టైమరు తెచ్చుకోపో" అని ఒకే ఒకసారి అనింది నా పెండ్లాం.
ఆపైన కొళాయి కాడ బండేసుకోని ఉతుకుతాంది,
నా పక్క చూడకుండా.
అదిప్పుడు కోర్టులో, గుడ్డసంచిలో,
లక్కముద్ర కింద, నా సంతకంతోనే.

"అది నాది సార్."
మూడే మాటలు.
పొద్దున్నే ఇస్త్రీపెట్టెలో బొగ్గులతో బాటు రాజేస్తా.
మాపటికి
బూడిద దులుపుకుంటా.