గుప్పెడు మట్టి

సోమవారం ఏడో తరగతికి హోంవర్క్ ఇచ్చాను:
రేపు గుప్పెడు మట్టి తెండి.
లెక్కలకన్నా నయమని
వెనక బెంచీ చప్పట్లు కొట్టింది.

మంగళవారం తెలిసింది
మల్కాపురంలో మట్టి ఎంత కరువో.

బడి ఆవరణంతా సిమెంటు.
ఎదురుగా గొట్టాలు, ట్యాంకులు, రాత్రీ పగలూ ఆరని మంట.
కిటికీ గట్టుమీద వేలితో రాస్తే
నల్లగా అక్షరం పడుతుంది గానీ
అది మట్టి కాదు, ఓడరేవు దుమ్ము.

డివైడరు మీది గన్నేరు కింద తవ్వుతుంటే
హోంగార్డు ఈల వేశాడట లిఖితని చూసి.
జోగినాయుడు నలభై రూపాయలు పెట్టి
నర్సరీలో కిలో సంచి కొన్నాడు; బిల్లు కూడా తెచ్చాడు.
ఒకడు పూలకుండీని కుండీతో సహా మోసుకొచ్చాడు,
పక్కింటివాళ్ళది, అడగలేదట.
గంగవరం నుంచి ఆటోలో వచ్చే పోలమ్మ
టిఫిను డబ్బా మూత తీసింది:
ఇసక, అందులో ఒక గవ్వ ముక్క.
"మా కాడ మట్టంటే ఇదే సార్."

ఆఖర్న లేచాడు హాస్టలు పిల్లాడు, గెమ్మెలి బొంజుబాబు.
చేతిలో పసుపు కొమ్ము.
దగ్గొస్తే అరగదీసుకోమని వాళ్ళమ్మ సంచిలో వేసిందట.
కణుపుల మధ్య ఎండి, ఎర్రగా, ఇంకా అంటుకునే ఉంది
పాడేరు కొండ, చిటికెడు.
పిన్నీసుతో గీకి నా అరచేతిలో రాల్చాడు.
"గుప్పెడు లేదు సార్."

ఆ రోజే గోడకి కొత్త చార్టు కట్టాను.
పైనుంచి పంపారు, రంగురంగులది:
వ్యవసాయ రంగంలో ఉద్యోగాలు.
భూసార పరీక్షకుడు. విత్తన శాస్త్రవేత్త.
డ్రోను నడిపేవాడు. బీమా అధికారి. గిడ్డంగి మేనేజరు.
కర్రతో చూపిస్తూ చదివించాను.
జీతం అంకె దగ్గర గొంతులు పెద్దవయ్యాయి.
నలుగురు డ్రోనుకి చెయ్యెత్తారు. జోగినాయుడు బీమాకి.

బొంజుబాబు చార్టు దగ్గరికొచ్చి
కింది అంచుదాకా వేలు జరిపాడు,
బస్టాండు బోర్డులో తన ఊరు వెతుక్కుంటున్నట్టు.
"పొలానికొచ్చే వాళ్ళందరూ ఉన్నారు సార్.
అక్కడే ఉండేవాళ్ళు లేరు."

పుస్తకం తిరగేశాను.
తలపాగా, నాగలి, నవ్వుతున్న బొమ్మ.
కింద ఒకే వాక్యం: రైతు దేశానికి వెన్నెముక.
వెన్నెముకకి జీతమెంతో వెయ్యలేదు.

"మీ అమ్మకేం తెలుసో చెప్పు" అన్నాను,
తప్పించుకోడానికే.
చెప్పాడు.
వాలు మీద నీళ్ళు నిలవకుండా చాళ్ళు ఎటు తిప్పాలో,
ఆకు పండి ఒరిగేదాకా ఎందుకు తవ్వకూడదో,
ఉడికేటప్పుడు నురగ చూసి కాదు,
వాసన చూసి ఎలా దించాలో,
సంతలో షావుకారు వేలు
తక్కెడ మీద ఎక్కడ ఆనుతుందో.

గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు.
గుమ్మంలో గరిటెతో వంటమనిషి ఎర్నమ్మ.
"చోడి నారుకైతే అలా కాదు బావూ" అని అందుకుంది.
ఆవిడకి ఎకరంపావు ఉండేదని
పదకొండేళ్ళుగా ఆ చేతి అన్నం తింటున్న నాకు తెలీదు.
ఇప్పుడా ఎకరంపావు మీద ఏముందో
కిటికీలోంచి గరిటెతోనే చూపించింది.

చార్టు అడుగున తెల్లంచు మీద
ఎవరో పెన్సిల్‌తో ఒక గడి గీశారు.
పేరు రాయలేదు. జీతం దగ్గర ప్రశ్నార్థకం.
శుక్రవారం ఇన్‌స్పెక్షను. తుడవలేదు నేను.

ముప్పై నాలుగు టీ కప్పుల్లో చోళ్ళు చల్లాం, ఎర్నమ్మ చెప్పినంత లోతునే.
నర్సరీ మట్టిలో ఐదో రోజుకే పచ్చన.
డివైడరు మట్టిలో మూడు మొలకలు.
బొంజుబాబు మట్టికి కప్పు మరీ పెద్దదై
సీసా మూతలో వేశాం, ఒకే గింజ;
అది లేచిందో, దుమ్మో
లిఖితకీ జోగినాయుడికీ ఇంకా తగువు.

పోలమ్మ ఇసకలో ఏమీ లేదు.
అయినా కప్పు అడుగున పిన్నీసుతో బొక్కలు పొడిచి
రోజూ నీళ్ళు పోస్తుంది, పారబోస్తుంది.
ఎందుకే అంటే
"ఉప్పు కడుగుతున్నాను సార్" అంటుంది.

అది నేను చెప్పలేదు.
నా పుస్తకంలోనూ లేదు.